తెల్లాపూర్–కొల్లూరు 3 బీహెచ్‌కే: హోర్డింగ్ మీద 1.61 కోట్లు, కోట్ షీట్‌లో 2.14 కోట్లు. అందరికీ ఇంతేనా?

కొత్తకాపురం
హైదరాబాద్ పడమటి శివార్లలో తెల్లాపూర్ దాటాక కొల్లూరు వైపు, ఓఆర్ఆర్‌కి (ఔటర్ రింగ్ రోడ్డు) దగ్గర్లో కడుతున్న ప్రాజెక్టు. పేరు వద్దులెండి. 1,900 ఎస్ఎఫ్‌టీ (చదరపు అడుగులు), తూర్పు ముఖం, 18వ ఫ్లోరు. అడుగు 8,500 అని పిలిచి చేతిలో పెట్టిన షీట్ ఇది:

బేసిక్ 1,900 × 8,500 = 1,61,50,000
ఫ్లోర్ రైజ్, 6వ ఫ్లోరు నుంచి ఫ్లోరుకి అడుగుకి 30 చొప్పున, 13 ఫ్లోర్లకి = 7,41,000
తూర్పు, కార్నర్ అడుగుకి 200 = 3,80,000
రెండు కార్ పార్కింగులు = 8,00,000
క్లబ్‌హౌస్, ఎమినిటీస్ = 6,00,000
జీఎస్టీ 5 శాతం = 9,33,550
కార్పస్ (అసోసియేషన్ నిధి) అడుగుకి 100 = 1,90,000
రెండేళ్ల మెయింటెనెన్స్ అడ్వాన్సు, నెలకి అడుగుకి 4, జీఎస్టీతో = 2,15,232
రిజిస్ట్రేషన్ 7.5 శాతం = 14,00,325
మొత్తం 2,14,10,107

ఇద్దరి జీతాలు కలిపి చేతికొచ్చేది నెలకి 2.8 లక్షలు, చేతిలో 60 లక్షలు. ఇద్దరి ఆఫీసులూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. ఇందులో బేరమాడదగ్గవి ఏవి, కదలనివి ఏవి?

లెక్కల_మాస్టారు
కదలనివి రెండే: జీఎస్టీ, రిజిస్ట్రేషన్. స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. 2021 జూలైకి ముందు అంతా కలిపి 6 శాతమే. మిగతావన్నీ బిల్డర్ పెట్టుకున్న పేర్లు, మాట్లాడితే కదులుతాయి.

అసలు చిక్కు లోన్‌లో ఉంది. 75 లక్షలు దాటిన లోన్‌కి ఆస్తి విలువలో 75 శాతమే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఆ విలువలోకి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ రావు. మీ అగ్రిమెంట్ విలువ 1,86,71,000. దాని మీద లోన్ 1.40 కోట్లు. మిగిలిన 74 లక్షలు మీరే తేవాలి. ఇంటీరియర్స్‌కి 18 లక్షలు వేసుకుంటే 92. 8 శాతం వడ్డీ, 20 ఏళ్లకి ఈఎంఐ 1,17,128. మీ జీతంలో 42 శాతం. ఈఎంఐ ఎలాగో లాక్కురావచ్చు. 60కీ 92కీ మధ్య 32 లక్షలు ఎక్కణ్ణుంచి వస్తాయో ముందు చెప్పండి.

బంగారుకొండ
నా పేరులోనే ఉంది జవాబు, బంగారం అమ్మేయడమే :)

మూడో_లేను
18వ ఫ్లోరు ఎందుకండీ? 2వ ఫ్లోరు తీసుకుంటే 7.41 లక్షలు అక్కడే మిగులుతాయి. దాని మీద జీఎస్టీ, రిజిస్ట్రేషన్ కూడా తగ్గి 8.33 లక్షల దాకా వస్తుంది. లిఫ్టు కోసం పడిగాపులూ ఉండవు.

కార్పెట్_కత్తెర
1,900 అన్నది కామన్ ఏరియా వాటాతో కలిపి అమ్ముకునే అడుగులు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) లెక్కన కార్పెట్, అంటే ఇంటి లోపల వాడుకునే జాగా, ఎంతో షీట్‌లో లేదే? అగ్రిమెంట్‌లో రాయాల్సింది అదే. రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు తెరిస్తే ఫ్లాట్ టైపుల వారీగా ఉంటుంది.

కొత్తకాపురం
చూశాను. 1,290.

కార్పెట్_కత్తెర
అయితే 68 శాతం. మిగిలిన 610లో బాల్కనీలు, యుటిలిటీ కలిపి ఓ 140 ఉంటుంది, బయటి గోడలు ఓ 70. తక్కినదంతా లిఫ్టు లాబీ, కారిడార్, మెట్లు, క్లబ్‌హౌస్‌లో మీ వాటా. లోపలి గోడలు మాత్రం కార్పెట్‌లోకే వస్తాయి, అది గుర్తుంచుకోండి.

2.14 కోట్లని 1,290తో భాగిస్తే అడుగు 16,597. పక్క ప్రాజెక్టు అడుగు 9,000 అంటే ఖరీదు అనుకుని వదిలేస్తారు, కానీ వాళ్ల కార్పెట్ 74 శాతం ఉంటే అదే చవక. రెండు ప్రాజెక్టులు పోల్చాలంటే కార్పెట్ అడుగు మీదే పోల్చాలి, అదీ అన్ని చార్జీలూ కలిపాక.

ప్లాన్‌లో బెడ్‌రూమ్ 11 × 14 అని వేస్తారు. ఆ 14 వార్డ్‌రోబ్ గూడుతో కలిపా, లేకుండానా అడగండి. రెండడుగుల తేడాలో మంచం పక్కన నడవడానికి దారి ఉండదు.

గజాల_గంగన్న
గీ లెక్కలన్నీ మంచిగనే ఉన్నయ్ గని భూమి సంగతి ఎవ్వరు అడుగుతలేరు. యూడీఎస్, గదే ఫ్లాటుతోని వచ్చే భూమి వాటా, ఎంతిస్తుండు? పదెకరాల్ల 1,200 ఫ్లాట్లు కడితె 48,400 గజాలను 1,200తోని భాగించుండ్రి, తలా 40 గజాలు. పాత ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ల వెయ్యి గజాల్ల 15 ఫ్లాట్లుంటె ఒక్కొక్కల్లకు 66 గజాలొస్తయ్. రేపు ముప్పై ఏండ్లకు బిల్డింగ్ పాతదైతె మిగిలేది గా గజాలే. 2006ల జీవో 86 ఎఫ్ఎస్ఐ (జాగకు ఎన్ని రెట్లు కట్టొచ్చనే లెక్క) హద్దు తీసేసినప్పటి సంది మన దగ్గర రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు (చుట్టూ వదిలే జాగ) సరిపోతె ఎంత ఎత్తుకైనా లేపుతుండ్రు. బెంగళూరుల, ముంబైల గిట్ల లేదు.

ఆకాశహర్మ్యం
గంగన్నా, యూడీఎస్ మాట విని విని చెవులు తుప్పుపట్టాయి. 1,200 మంది ఓనర్లు ఒక్క మాట మీదకొచ్చి కూలగొట్టి కట్టించుకునే రోజు ఎప్పుడొస్తుంది? అక్కడ కొనేది నివాసం, భూమి కాదు. భూమి కావాలంటే శంకర్‌పల్లి అవతల ప్లాటు కొనుక్కోవాలి.

గజాల_గంగన్న
కూలగొట్టుడు దాకా ఎందుకు, బ్యాంకోడు పాత ఫ్లాట్‌కు విలువ కట్టేటప్పుడు మొదలు చూసేది గదే. బిల్డింగ్ విలువ ఏటేటా తరుగుతది, గజం విలువ పెరుగుతది.

లెక్కల_మాస్టారు
ఇద్దరిదీ సగం సగం నిజం. భూమి ధర ఫ్లాట్ ధరలోకి ఎలా చొరబడుతుందో కోకాపేట నియోపొలిస్ వేలాలు చూస్తే తెలుస్తుంది. 2021 జూలైలో హెచ్ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) 49.94 ఎకరాలు అమ్మితే సగటున ఎకరం 40 కోట్లు, పై ధర 60.20. 2023 ఆగస్టులో 45.33 ఎకరాలకి 3,319.60 కోట్లు, సగటు 73.23. పేపర్లన్నీ మోగించింది మాత్రం ఒక్క ప్లాటుకి వచ్చిన 100.75 కోట్లనే. 2025 నవంబర్‌లో 151.25 కూడా చూశాం, అంటే గజం 3,12,500.

100.75 దగ్గరే ఆగి లెక్క వేద్దాం. గజం 2,08,161. గంగన్న చెప్పిన 40 గజాలంటే ఒక్కో ఫ్లాట్ మీద భూమి భారమే 83 లక్షలు. ఆ భారం పలచబడాలంటే ఇంకా ఎత్తు కట్టాలి, ఎత్తు కడితే కట్టుబడి ఖర్చు, ఏళ్లూ పెరుగుతాయి. ఇక కొల్లూరులో ఎకరం కొన్నవాడు ఈ వేలం అంకె చూపించి తన రేటు పెంచుతాడు. వాడి భూమి ఆ ధరకి కొన్నది కాదు, వాడి ప్రాజెక్టులో అంత ఎత్తు లేపడానికి రోడ్డు వెడల్పూ చాలకపోవచ్చు. బేరానికి కూర్చున్నప్పుడు ఈ మాట అనండి.

ఫ్రిస్కో_బావ
మీరు 2.14 కోట్లకే గుండె పట్టుకుంటున్నారు. ఇక్కడ టెక్సాస్‌లో ఇల్లు కొన్నాక కూడా ఏటా ధరలో 2 శాతం దాకా ఆస్తి పన్నే కడుతూ ఉండాలి. హైదరాబాద్ ఇంకా చవకే.

అద్దెకొంప
బావగారూ, ఆ లెక్కన చవక అనుకుని మూడేసి ఫ్లాట్లు కొని తాళాలేసి వెళ్లింది మీరే కదా. రాత్రి ఎనిమిదింటికి ఏ టవర్ చూసినా సగం కిటికీల్లో దీపాలుండవు.

విషయానికొస్తే, అదే రోడ్డులో సెమీ ఫర్నిష్డ్ 3 బీహెచ్‌కే అద్దె 50,000. ఏడాదికి 6 లక్షలు, 2.14 కోట్ల మీద 2.8 శాతం. మొదటి నెల ఈఎంఐలో వడ్డీయే 93,355, అసలుకి పోయేది 23,773. పదేళ్లు కట్టాక కూడా బాకీ 96.5 లక్షలుంటుంది. అద్దెకుండి మిగిలింది దాచుకోండి.

ఆకాశహర్మ్యం
అద్దె 50,000 దగ్గరే పదేళ్లు కూర్చుంటుందా? ఏటా 7 శాతం పెరిగితే పదేళ్లు తిరిగేసరికి 98,000. అప్పటికి మీ లెక్కలోని వడ్డీ నెలకి 64,000కి దిగుతుంది. ఓనర్ అమ్మేస్తానంటే పిల్లల స్కూలు మధ్యలో ఇల్లు మారడం దేనిలో వేస్తారు?

అద్దెకొంప
98,000 అయ్యేదాకా మిగిలే తేడాకి వడ్డీ రాదా మరి? పైగా కట్టుబడి పూర్తయ్యేదాకా అద్దె, ప్రీ-ఈఎంఐ (అప్పటిదాకా ఇచ్చిన లోన్ మీద వడ్డీ) రెండూ కట్టాలి. 40 అంతస్తుల టవర్ నాలుగైదేళ్లకి తక్కువ కాదు.

ఫారం_పదహారు
దాంట్లోనే ఇంకో మెలిక. పాత పన్ను పద్ధతిలో సొంతింటి వడ్డీకి ఏడాదికి 2 లక్షల మినహాయింపు, అది ఇల్లు పూర్తయ్యాకే మొదలవుతుంది. లోన్ తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్లలో ఇల్లు పూర్తి కాకపోతే అది 30,000కి పడిపోతుంది. కొత్త పద్ధతిలో మీరుండే ఇంటికి అసలు లేదు. కాబట్టి "ట్యాక్స్ మిగులుతుంది సార్" అని సేల్స్ అబ్బాయి చెప్పేది లెక్కలో వేసుకోకండి.

ధర 50 లక్షలు దాటింది కాబట్టి ప్రతి విడతలోనూ 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందే కోసే పన్ను) మీరే కోసి ప్రభుత్వానికి కట్టాలి. కోసిన నెల ముగిశాక 30 రోజులు గడువు. భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా కొంటే ఎవరి వాటాకి వాళ్లు విడిగా ఫైల్ చేయాలి. చాలామంది ఒక్కరే మొత్తం కట్టేసి, తర్వాత సవరణ కోసం తిరుగుతారు.

మూడో_లేను
ఆ 2.15 లక్షల మెయింటెనెన్స్ చూడండి. 1,900 × 4 అంటే నెలకి 7,600. అసోసియేషన్ చేతికొచ్చాక నెలకి 7,500 దాకా జీఎస్టీ లేదు. మీరు సరిగ్గా వంద రూపాయలు దాటారు. 2019 సర్క్యులర్ ప్రకారం దాటితే మొత్తం మీద 18 శాతం, అంటే 1,368. పైన పడ్డ వంద మీదే వేయాలని మద్రాస్ హైకోర్టు 2021లో అంది. 3.90 చేస్తే గొడవే లేదు, అసోసియేషన్ మొదటి మీటింగ్‌లో అడగండి.

బంగారుకొండ
వంద రూపాయల కోసం 1,368. ఇదే నా జీవిత చరిత్ర.

ట్యాంకర్_తాత
ఎవరూ నీళ్ల మాట ఎత్తలేదు. 500 ఫ్లాట్లు నిండితే ఫ్లాటుకి నలుగురు, మనిషికి 135 లీటర్లు, రోజుకి 2,70,000 లీటర్లు. బోర్లు ఎండితే 10,000 లీటర్ల ట్యాంకర్లు 27. ఫ్లష్‌కి, మొక్కలకి ఎస్టీపీలో శుద్ధి చేసిన మురుగునీళ్లు వాడితే బాగా తగ్గుతాయి, కానీ దానికి రెండో పైపు లైను ముందే వేసి ఉండాలి. షాఫ్ట్‌లో రెండు రంగుల పైపులున్నాయో లేదో మోడల్ ఫ్లాట్‌లో కాదు, కడుతున్న టవర్‌లోకి వెళ్లి చూడండి. పక్కన నాలుగేళ్ల కింద నిండిన కమ్యూనిటీ వాచ్‌మన్‌ని ఏప్రిల్‌లో రోజుకి ఎన్ని ట్యాంకర్లొస్తాయో అడగండి. బ్రోషర్‌లో దొరకనిది అక్కడ దొరుకుతుంది.

సర్వీస్‌రోడ్డు
ప్రయాణం: సేల్స్ వాళ్లు "ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి 15 నిమిషాలు" అంటే ఓఆర్ఆర్ మీద, టోల్ కట్టి, ఆదివారం పొద్దున. దిగాక నానక్‌రామ్‌గూడ ర్యాంపు దగ్గర పోయే టైమ్ లెక్కలోకి రాదు. లోపలి దారి అంటే నల్లగండ్ల, గోపన్‌పల్లి మీదుగా. మెట్రో 2019 నవంబర్‌లో రాయదుర్గం దాకా వచ్చి ఆగింది. తెల్లాపూర్‌కి ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది, మీ ఆఫీసు వేళకి బండి ఉందో లేదో టైమ్‌టేబుల్ చూశాకే లెక్కలో వేసుకోండి. మంగళవారమో బుధవారమో పొద్దున తొమ్మిదింటికి సైట్ గేటు నుంచి ఆఫీసు పార్కింగ్ దాకా ఒకసారి నడపండి. తిరుగు ప్రయాణం సాయంత్రం ఆరున్నరకి, వాన పడ్డ రోజైతే మరీ మంచిది.

గజాల_గంగన్న
గదే కొల్లూరుల 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇండ్లున్నయ్, 2023 జూన్‌ల చాలు చేసిండ్రు. ఒక్కోటి 560 ఎస్ఎఫ్‌టీ. పేదోల్లకు సర్కారు ఇచ్చినయ్, కోట్లున్నోల్లకు బిల్డర్లు కడుతుండ్రు. నడిమిట్ల 60, 70 లక్షల ఇల్లు కావాల్నంటె గీ దిక్కు ఒక్కటి సూపెట్టుండ్రి. 1 శాతం జీఎస్టీ ఇండ్లకు హద్దు 45 లక్షలు, 60 చదరపు మీటర్లు. 2019ల పెట్టిండ్రు. గా ధరకు గిక్కడ కార్ పార్కింగు, రిజిస్ట్రేషనే వస్తయ్.

ఆకాశహర్మ్యం
దీనికి మాత్రం గంగన్నతో పేచీ లేదు.

ఈసీ_తీసి_చూడు
పైన మూడో_లేను గారు 2వ ఫ్లోరు తీసుకోమన్నారు. ఆగండి. మన దగ్గర పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టుబడిలో 10 శాతాన్ని బిల్డర్ హెచ్ఎండీఏకో జీహెచ్ఎంసీకో మార్ట్‌గేజ్ చేయాలి. ప్లాన్ తప్పితే పట్టు ఉండడానికి. ఆ 10 శాతం మామూలుగా కింది ఫ్లోర్లలోనే చూపిస్తారు. ఓసీ (కట్టుబడి పూర్తయింది, ఇక ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చాకే విడుదల. అప్పటిదాకా ఆ ఫ్లాటు రిజిస్ట్రేషన్ కాదు, బ్యాంకు లోన్ పుట్టదు. కింది ఫ్లోరు "స్పెషల్ ఆఫర్" అంటే కారణం ఇది కావచ్చు.

దీంతో బాటు చూడాల్సినవి: భూమి బిల్డర్‌దా, డెవలప్‌మెంట్ అగ్రిమెంటా. అగ్రిమెంట్ అయితే భూయజమాని వాటాకి ఏ ఫ్లాట్లు వెళ్లాయో సప్లిమెంటరీ అగ్రిమెంట్‌లో నంబర్లతో ఉంటుంది. మీ ఫ్లాట్ ఆ జాబితాలో ఉంటే సంతకం ఆయన పెట్టాలి, బిల్డర్ కాదు. సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ కుదరని 22-ఏ నిషేధిత జాబితాలో ఉన్నాయేమో చూడాలి. 30 ఏళ్ల లింక్ డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల జాబితా). ప్రాజెక్టు మీద ఫైనాన్స్ తీసుకుని ఉంటే మీ ఫ్లాట్ నంబరుకి విడిగా అప్పిచ్చినవాళ్ల ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం). చెరువు పక్కనైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) మ్యాపు: పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి 30 మీటర్ల బఫర్, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక "లేక్ వ్యూ"కి అదనంగా కట్టేవాళ్లు ఒకటికి రెండుసార్లు చూసుకుంటున్నారు.

మూడో_లేను
ఒప్పుకుంటున్నా, మార్ట్‌గేజ్ సంగతి తట్టలేదు. అయితే 7వ ఫ్లోరు.

బంగారుకొండ
ఇంకో రెండు పోస్టులకి టెర్రస్ చేరతాం.

నూటికి_నూరు
ఇంత తలనొప్పి దేనికి? అదే ఏరియాలో ప్రీ-లాంచ్‌లో, అంటే పర్మిషన్లకి ముందే, అడుగు 5,200కి వస్తోంది. మొత్తం ఒకేసారి కడితే చాలు.

ఈసీ_తీసి_చూడు
రెరా నంబరు లేకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. నంబరు వచ్చాక కూడా రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. "మొత్తం ఒకేసారి" అన్నాడంటేనే రెండూ దాటినట్టు. మీ చేతికొచ్చేది నోటరీ కాగితం. పర్మిషన్ ఆలస్యమైతే ఆ డబ్బుతో ఇంకో భూమికి అడ్వాన్సు ఇచ్చేస్తాడు. రెరా ప్రాజెక్టులో అయితే కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి, ఆలస్యమైతే ఎస్‌బీఐ ఎంసీఎల్ఆర్ (బ్యాంకు కనీస వడ్డీ రేటు) మీద 2 శాతం కలిపి వడ్డీ అడగొచ్చు. నోటరీ కాగితం పట్టుకుని ఇవేవీ అంత తేలిగ్గా అడగలేరు.

నూటికి_నూరు
అందరూ మోసగాళ్లే అంటే ఎలా?

ఈసీ_తీసి_చూడు
మంచివాడైనా పర్మిషన్ రాకపోతే ఏం చేస్తాడు?

లెక్కల_మాస్టారు
కొత్తకాపురం గారూ, రీసేల్ కూడా చూడండి. ఓసీ వచ్చిన ఫ్లాట్‌కి జీఎస్టీ లేదు, మీ షీట్‌లో 9.33 లక్షలు అక్కడే ఎగిరిపోతాయి. ప్రీ-ఈఎంఐ ఉండదు, రేపే దిగొచ్చు. అయితే అమ్మేవాళ్లు ఫ్రిస్కో బావ లాంటివాళ్లయితే 1 శాతం టీడీఎస్ సరిపోదు. ఎన్నారై అమ్మకానికి, దీర్ఘకాల ఆస్తి అయితే 12.5 శాతం, దాని మీద సర్‌చార్జి, సెస్, అదీ మొత్తం అమ్మకం ధర మీద. లాభం తక్కువని ఆయన ఆదాయపన్ను శాఖ నుంచి తగ్గింపు సర్టిఫికెట్ తెచ్చుకుంటే అంత కోయాలి. అది చేతికొచ్చాకే డబ్బివ్వండి. కోయకపోతే నోటీసు కొన్నవాళ్లకే వస్తుంది.

ఫ్రిస్కో_బావ
ఆ సర్టిఫికెట్‌కి ముందే అప్లై చేసుకోవాలి, టోకెన్ తీసుకున్నాక మొదలెడితే కొనేవాళ్లు ఆగరు. తాళాల మాట ఒప్పుకుంటున్నా.

కార్పెట్_కత్తెర
బేరం సంగతి. అడుగు రేటు తగ్గించమంటే బిల్డర్ ఒప్పుకోడు, ముందు కొన్నవాళ్లు గొడవ చేస్తారు, తర్వాతి వాళ్లకి ఆ రేటే చెప్పాలి. అదే ఫ్లోర్ రైజ్ తీసేయమనండి, రెండో పార్కింగ్ కలపమనండి, తూర్పు చార్జీ వద్దనండి. అమ్మకాలు మందగించినప్పుడు ధర తగ్గేది ఈ దొడ్డిదారినే. అందుకే పేపర్లో రేట్లు దిగవు. మీ షీట్‌లో ఫ్లోర్ రైజ్, తూర్పు, ఒక పార్కింగ్ కలిపితే 15.21 లక్షలు. జీఎస్టీ, రిజిస్ట్రేషన్ కలిపి 17 లక్షల పైమాట. ఒప్పుకున్నది మెయిల్‌లో రాయించుకోండి, ఫోన్లో అన్నది అగ్రిమెంట్‌లో కనిపించదు.

కొత్తకాపురం
ఇవాళ వెళ్లి అడిగాను. 18వ ఫ్లోరుకి తూర్పు చార్జీ తీసేస్తామన్నారు, ఫ్లోర్ రైజ్ సగం చేస్తామన్నారు. రెండో పార్కింగ్ ససేమిరా. 2వ ఫ్లోరు అడిగితే "సార్ అవి ఇప్పుడు హోల్డ్‌లో ఉన్నాయి" అన్నారు. మార్ట్‌గేజా అంటే మేనేజర్‌ని పిలుస్తామని లోపలికి వెళ్లారు, ఇరవై నిమిషాలకి టీ వచ్చింది, మేనేజర్ రాలేదు. రీసేల్ రెండు చూడ్డానికి శనివారం వెళ్తున్నాం. రెండింటికీ ఓసీ ఉందంటున్నారు.

ఈసీ_తీసి_చూడు
"ఉందంటున్నారు" కుదరదు. ఓసీ కాపీ అడిగి, అందులో మీ బ్లాకు పేరు ఉందో లేదో చూడండి. ఐదు టవర్లలో మూడింటికే ఓసీ వచ్చినవి ఉంటాయి. కొత్త ప్రాజెక్టు 18వ ఫ్లోరు వైపే మొగ్గితే మార్ట్‌గేజ్ డీడ్ నంబరు అడగండి, దాంట్లో ఫ్లాట్ల జాబితా ఉంటుంది. ఈసీలో కూడా కనబడుతుంది.

ట్యాంకర్_తాత
శనివారం వెళ్లినప్పుడు బాత్రూమ్‌లో ఫ్లష్ నొక్కి నీళ్ల రంగు చూడండి.